గీతకి వేలి మందం కింద

కిటికీలకు దుప్పట్లు కట్టించి, కుర్చీలు వేయించి, ఆ ఆదివారం మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు కమ్యూనిటీ హాల్లో తన సినిమా తానే వేయించుకున్నాడు. పాతికేళ్ల క్రితం ఆయన తయారు చేసిన వాలీబాల్ జట్టు మీద అప్పట్లోనే ఎవరో వచ్చి తీసిన డాక్యుమెంటరీ అది. మర్నాడు పొద్దున ఆడపిల్లల జట్టుకు ఎంపిక. తల్లిదండ్రుల సంతకం లేనిదే ఎవరినీ జట్టులోకి తీసుకోకూడదు. పన్నెండు కాగితాలు రావాల్సింది, ఐదే వచ్చాయి. సినిమా చూసి, నాలుగు మాటలు కలబోసుకుంటే పెద్దవాళ్ల మనసు మెత్తబడుతుందని ఆయన ఆశ. తెర మీద తనని తాను చూసుకోవాలన్న సరదా కూడా ఉంది గానీ, ఆ మాట చచ్చినా ఒప్పుకోడు.

సగం దాకా బాగానే నడిచింది. అంతలో తెర మీదికి స్టోర్‌రూమ్ తలుపు వచ్చింది. దాని మీద అడ్డంగా ఎర్రగీత. నల్లజుట్టు మాస్టారు ఒక్కొక్క కుర్రాణ్ణీ తలుపుకి ఆనించి నిలబెడుతున్నాడు. గీత దాటినవాడు మైదానంలోకి, దాటనివాడు ఇంటికి. గీత మాస్టారని పేరు పడింది అందుకే. హాలంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. ఆ గీత ఇప్పటికీ తలుపు మీదే ఉంది.

దీపాలు వెలిగాక, ఎవరైనా మాట్లాడమని అడిగాడు. వెనక వరసలోంచి బస్సుల షెడ్డు మెకానిక్ లేచాడు. సంతకం పెట్టనివాళ్లలో అతనొకడు. కూర్చోమని పక్కనున్న కూతురు చొక్కా పట్టుకు లాగుతోంది.

“ఆ తలుపు దగ్గర నాలుగోవాణ్ణి నేనే మాస్టారూ. గీతకి వేలి మందం తక్కువొచ్చాను. మరుసటేడు జానెడు పొడుగయ్యాను. కానీ మళ్లీ రాబుద్ధి కాలేదు.”

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తప్పయిపోయిందని అనబోయాడు. మెకానిక్ అననివ్వలేదు.

“క్షమాపణలు నాకెందుకండీ. ఒక్కటి చెప్పండి. నేను బాగా ఆడేవాణ్ణా, లేదా? ఇన్నేళ్లూ ఎవర్నడగాలో తెలీలేదు.”

బాగా ఆడేవాడివి అంటే సరిపోయేది. హాలు హాలంతా ఆ మాట కోసమే చూస్తోంది. అది ఆయన నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

“తెలీదు నాయనా,” అన్నాడు. “నీ ఆట నేను చూడనే లేదు.”

మెకానిక్ తలూపి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మాటలు ఆగలేదు. వడ్రంగి లేచాడు, పాలబూత్ నడిపే అతను లేచాడు, ఇద్దరూ గీత కిందివాళ్లే. పిల్లల గురించి జనం నోరు విప్పి మాట్లాడాలని కోరుకున్నది ఆయనే. అంతా తన మీదికే వస్తుందనుకోలేదు. సిగ్గుతో, దుఃఖంతో తల దించుకుని చివరిదాకా విన్నాడు.

పొద్దున్నే మెకానిక్ కూతురు వచ్చింది. కాగితంలో సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆడి చూపించి రమ్మన్నాడట తండ్రి, సంతకం సంగతి తర్వాతట. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల వెళ్లి తలుపుకి ఆనుకుని, మడమలు దగ్గర పెట్టి నిలబడింది. వేలి మందం కాదు, బెత్తెడు తక్కువే ఉంది. మాస్టారు ఇటు రామ్మా అని పిలిచి, చేతిలో బంతి పెట్టాడు. పన్నెండుమందినీ మధ్యాహ్నం దాకా ఆడించాడు. ఒక్కరినీ ఇంటికి పంపలేదు.

సాయంత్రం ఆయనే షెడ్డుకి వెళ్లాడు. మెకానిక్ బస్సు కిందనుంచి బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. పిల్లని జట్టులోకి తీసుకున్నదీ లేనిదీ చెప్పడానికి మాస్టారు నోరు తెరిచాడు.

“అది తర్వాత,” అన్నాడు మెకానిక్, స్టూలు జరుపుతూ. “కూర్చోండి మాస్టారూ. ముందు ఎలా ఆడిందో చెప్పండి. మొదటి బంతి నుంచి.”