మాట్లాడని బండి

పేటలో అతన్ని అందరూ టేపు అంటారు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు చేసే వెల్డరు. వేరేవాళ్ళ చొక్కా జేబులో పెన్ను ఉన్నట్టు అతని జేబులో కొలత టేపు ఉంటుంది. కొట్టుకి వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే వాళ్ళు కూర్చున్న స్టూలుని కొలిచేస్తాడు. ఈ జబ్బుకి మందు లేదని అతని భార్య ఏనాడో చేతులెత్తేసింది.

అలాంటి మనిషి ఆ పూట టేపుని జేబులోంచి తియ్యకుండా, తాను చేసిన బండి ముందు గొంతుక్కూర్చుని బుర్ర గోక్కుంటున్నాడు. ఆ బండి వెనక్కి రావడం అది మూడోసారి. పరాయివాళ్ళకి చేసిందైతే పోనీలే అనుకునేవాడు. చేసింది అక్కకి.

అక్క వీధుల్లో తిరిగి చిత్తు ఏరుతుంది. అట్టపెట్టెలు, సీసాలు, రేకు డబ్బాలు, ప్లాస్టిక్కు, ఎవరు ఏది వద్దని పారేస్తే అది. అన్నీ విడదీసి తుక్కు కొట్టుకి వేస్తుంది. తల్లి పోయేనాటికి టేపుకి నడక కూడా సరిగ్గా రాదు. అక్క వాణ్ణి బండిలో అట్టల మధ్య పడుకోబెట్టుకుని ఊరంతా తిరిగింది. మొన్నటి దాకా ఆ బండే తోసింది. చెక్క పలకలు, ఇనప పట్టా వేసిన రెండు చక్రాలు, ఖాళీగా ఉన్నా నిండా ఉన్నంత బరువు. అది వీధి మొదట్లో అడుగు పెడితే వీధి చివర కుక్కలు లేచి నిలబడేవి.

మొన్నామధ్య అక్కకి జ్వరం వచ్చినప్పుడు టేపు భార్య ఆమె భుజాలకి కాపడం పెట్టింది. ఎత్తుల్లో బండికి ఆనించి తోసే ఎడమ భుజం మీద చర్మం చెప్పు అట్టలా మొద్దుబారిపోయి ఉంది. ఆ సంగతి టేపుతో చెప్పింది. అతను ఆ రోజే కొట్టుకి వెళ్ళి ఇనుము తీశాడు.

చిత్తు ఏరేవాళ్ళకి ఒక సంఘం ఉంది. దాని పెద్దని మైకమ్మ అంటారు, ఆవిడ మాట్లాడితే వేరే మైకు అక్కర్లేదు గనక. "మీ అక్క కొన్నాళ్ళు తిప్పి చూస్తుంది. ఆవిడ బాగుందంటే మా అందరికీ అలాంటివే చేసిపెట్టు," అంది మైకమ్మ. టేపుకి మిగతా బండ్ల సంగతి తర్వాత. అక్క నోటి వెంట బాగుంది అన్న మాట రావాలి. ఆ ఒక్క మాట కోసం కిందా మీదా పడ్డాడు.

అక్కని నిలబెట్టి భుజం ఎత్తు కొలిచాడు. చేతి పొడుగు కొలిచాడు. నడిపించి అడుగుకీ అడుగుకీ మధ్య దూరం కొలిచాడు. "బండి చేస్తున్నావా, శవపెట్టె చేస్తున్నావా?" అని అక్క విసుక్కుంది.

బండి మాత్రం ముచ్చటగా కుదిరింది. బోలు గొట్టాల చట్రం, రబ్బరు టైర్లు, బేరింగులు. ఒంటి వేలితో తోస్తే కదిలేది, పిల్లికి కూడా వినపడేది కాదు. లోపల మూడు అరలు. ఎర్రది ప్లాస్టిక్కుకి, నీలంది కాగితానికి, ఆకుపచ్చది గాజుకి. బయట మొత్తం పసుపు. లారీవాళ్ళకి అల్లంత దూరం నుంచి కనపడాలని రెండు డబ్బాలు కలిపి తానే తయారు చేసుకున్న పసుపు.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆ రంగు గురించే మాట్లాడారు. అక్క మాత్రం బండిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చేత్తో తడిమి, "నున్నగా ఉందిరా," అంది. రంగు ఊసే ఎత్తలేదు. టేపు లోలోపల చిన్నబుచ్చుకున్నాడు. పాత బండిని కొట్టు వెనక్కి తోసేశాడు.

వారం తిరక్కుండానే అక్క బండిని కొట్టు ముందు తెచ్చి నిలబెట్టింది.

"ఇది మాట్లాడదురా."

"బండి మాట్లాడ్డమేంటక్కా?"

"పాతది మాట్లాడేది."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. టేపు రెండు పూటలు ఆలోచించాడు. చటుక్కున తట్టింది. చప్పుడు లేకపోతే ఇళ్ళవాళ్ళకి అక్క వచ్చినట్టు తెలియదు కదా. సైకిలు గంట తెచ్చి పిడికి బిగించాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

బండి మళ్ళీ వచ్చింది. "గంట నేను కొడితేనే కదా మోగేది," అంది అక్క.

ఇదేం ఫిర్యాదో టేపుకి తలా తోకా తెలియలేదు. లోకంలో గంటలన్నీ అంతే కదా. "మరి నువ్వు కాకపోతే ఎవరు కొట్టాలి?" అన్నాడు. అక్క, మరీ తేలిగ్గా ఉంది, తెలియకుండానే ముందుకు పోతోంది అని మాట మార్చింది. టేపు బ్రేకు పెట్టాడు.

మూడోసారి బండి ముందు గొట్టం సొట్టపోయి వచ్చింది. అక్క మోచెయ్యి గీరుకుపోయి ఉంది. "ఆగి ఉన్న కారుకి కొట్టుకుంది," అంది, తనకేమీ సంబంధం లేనట్టు. వెనకాలే మైకమ్మ దిగింది.

"మీ అక్క ఎర్ర అరలో గాజు వేస్తోంది, ఆకుపచ్చ అరలో కాగితం వేస్తోంది. తుక్కు కొట్టతను లబోదిబోమంటున్నాడు. పాత బండిలో ఏనాడూ ఒక్క సీసా తారుమారు కాలేదయ్యా."

టేపుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నచ్చకపోతే నచ్చలేదని చెప్పక్కా. ఇలా వంకలు పెట్టకు."

"నచ్చలేదని నేనన్నానా?"

"అయితే బాగుందా?"

"బాగుందిరా. నా పాతది నాకిచ్చెయ్."

కోరుకున్న మాట వచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. అక్క ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడే అతను బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. భార్య వచ్చి, "వదినకి పాత బండంటే ప్రాణం. పంతం పట్టింది, అంతే," అంది. అక్కకి పంతం ఉన్నమాట నిజమే. కానీ పంతం పట్టిన మనిషి చెయ్యి చెక్కేసుకుని వస్తుందా? ఎంత ఆలోచించినా అతనికి పాలుపోలేదు. సొట్ట తీసి, ఇంకొక్క రోజు తిప్పి చూడు, ఆ తర్వాత నీ ఇష్టమని అక్కని బతిమాలాడు.

మర్నాడు పొద్దున కొట్టు తియ్యకుండా అక్క వెనకాలే, అల్లంత దూరంలో నడిచాడు.

అక్క బండిని వీధి వారగా తోసుకుంటూ వెళుతోంది. ఒక కాలు ఎప్పుడూ కాలిబాట అంచుకి రాసుకుంటూ ఉంది. ఒక గేటు పక్కన ఎవరో పెద్ద అట్టపెట్టె పెట్టారు. అక్క దాని పక్క నుంచే వెళ్ళిపోయింది. పిలుద్దామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. టైలరు కొట్లో మిషను చప్పుడు వినపడగానే ఆగి చెయ్యి చాపింది. టైలరు ఖాళీ అట్టలు చేతికిచ్చాడు. "ఇవాళ ఎవరి చొక్కా పాడుచేస్తున్నావు?" అని అక్క నవ్వించింది. అక్క అంటే అక్కే. కానీ అట్టలు పట్టుకుని మూడు అరల మీదా చెయ్యి ఆడిస్తూ, పెదవులు కదుపుతూ కాసేపు నిలబడి, చివరికి ఆకుపచ్చ దాంట్లో వేసింది.

అప్పటికీ టేపుకి అర్థం కాలేదు. ఇక ఉండబట్టలేక పక్క సందులోంచి చుట్టు తిరిగి అక్కకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొట్టు వదిలేసి ఇక్కడేం చేస్తున్నావురా అని తిడుతుంది కదా, తిట్టనీ. బండి వచ్చి అతని మోకాళ్ళ ముందు ఆగింది. అక్క మొహం ఎత్తింది. అతని చెవి పక్కకెక్కడికో చూస్తూ, కొత్తవాళ్ళతో నవ్వినట్టు నవ్వింది.

"కాస్త పక్కకి జరగండి బాబూ, బండి వెళ్ళాలి."

అతనికి బుద్ధి తెలిశాక అక్క ఒరేయ్ అని తప్ప ఇంకోలా పిలిచింది లేదు. అతని పెళ్ళిలో అంతమంది ముందు కూడా ఒరేయ్ అనే పిలిచింది. టేపు పక్కకి జరిగాడు. బండి అతన్ని దాటుకుని వెళ్ళింది.

"అక్కా," అన్నాడు.

అక్క ఆగిపోయింది. వెంటనే వెనక్కి తిరగలేదు. "ఎప్పుడొచ్చావురా?"

"ఇందాకే. నీ ఎదురుగానే ఉన్నా."

ఇద్దరూ కాలిబాట అంచున కూర్చున్నారు. "మధ్యలో అంతా పొగలా ఉంటుందిరా," అంది అక్క. "పక్కల నుంచి కాస్త వెలుతురూ నీడా తెలుస్తాయి. ఎదురుగా ఉన్నది కనపడదు. డాక్టరుకి చూపించుకున్నా. పోయింది రాదన్నాడు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో ఆయనకీ తెలీదట."

"ఎప్పటి నుంచి?"

"నీ కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచి."

ఆ పిల్ల ఇప్పుడు చదవడం, రాయడం, ఎదురు మాట్లాడ్డం అన్నీ నేర్చేసుకుంది. టేపు నేల చూపులు చూశాడు. భుజం కొలిచాడు, చెయ్యి కొలిచాడు, అడుగు కొలిచాడు. ఒక్కసారైనా ఆ మొహంలోకి చూడలేదు.

"పాతది అన్నీ చెప్పేదిరా," అంది అక్క. "కాలువ పలకల మీద ఒక చప్పుడు, తారు మీద ఒకటి, ఇటుకల మీద ఒకటి. చేతుల్లోకి తెలిసేది. గోడ దగ్గరైతే చప్పుడు మారిపోయేది. సంచులు కూడా అంతే. గోనెది కాగితానికి, ప్లాస్టిక్ది సీసాలకి. నీ అరలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, నున్నగా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే బండి చేస్తావా? మంచం చేస్తావు."

కాదని అందామనుకున్నాడు. కానీ నిజంగానే మంచమే చేసేవాడు.

ఇంట్లో విషయం తెలిశాక భార్య కళ్ళు తుడుచుకుంటూనే గట్టిగా అడిగింది. "నీకు బుద్ధుందా? చూపులేని మనిషిని రోడ్డు మీదకి పంపుతావా?" మైకమ్మ మొదటిసారి గొంతు తగ్గించి, "ఇంట్లో కూర్చోబెడితే మాత్రం ఎన్నాళ్ళు బతుకుతుందయ్యా," అంది. భార్య చెప్పింది సబబే. మైకమ్మ చెప్పిందీ సబబే. రెండూ సబబైనప్పుడు మనిషి ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఏం తోచక, చేతులకి తెలిసిన పనే మొదలుపెట్టాడు. రబ్బరు టైర్లు పీకేశాడు. తాను చేస్తున్నది మేలో కీడో తెలియకుండానే చక్రాలకి ఇనప పట్టాలు వేశాడు. అరల అంచుల మీద వెల్డింగు బొట్లు పెట్టాడు. కాగితానికి ఒకటి, ప్లాస్టిక్కుకి రెండు, గాజుకి మూడు. పాత పిడి కోసేసి కొత్తది అతికించాడు. టేపు జేబులోనే ఉండిపోయింది.

అక్క వచ్చి బండిని మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమింది. బొట్ల దగ్గర వేళ్ళు ఆగాయి. లెక్కపెట్టుకుని తనలో తాను నవ్వుకుంది. పిడి దగ్గరికి వచ్చాక నుదురు చిట్లించింది.

"ఇంత పొడుగెందుకురా?"

"ఇద్దరు పట్టుకోవచ్చని."

"రెండో మనిషెవరు?"

"ఇంకా తెలీదక్కా. చూద్దాం." అది నిజమే. మైకమ్మ ఎవరినైనా పంపుతుందో, పొద్దుటి పూట కొట్టు మూసేసి తనే వెళ్ళాలో, అసలు ఇదంతా ఆపెయ్యాలో అతనికింకా తేలలేదు.

అక్క బండిని కొట్టు ముందు సిమెంటు మీద అటూ ఇటూ తోసింది. గడగడమంది. వీధి చివర కుక్క లేచి మొరిగింది. అక్క మొహం విచ్చుకుంది. నాలుగడుగులు ముందుకు తోసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఇంతకీ దీనికి ఏం రంగేశావురా? ఆ రోజు అందరూ ఒకటే మెచ్చుకున్నారు."

"పసుపక్కా." బండి అంచు మీద చెయ్యి వేశాడు. "లారీవాళ్ళకి దూరం నుంచే కనపడాలని."

"మంచి పని చేశావు," అంది అక్క. "వాళ్ళకైనా కనపడాలి కదా."