చెయ్యెత్తితే ఆపాలి

డ్రైవరమ్మకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఎవరి నోటైనా పలికి చాలాకాలమైంది. బస్సు డిపోలో చేరిన పద్నాలుగేళ్ళలో ఆమె అందరికీ డ్రైవరమ్మే అయిపోయింది, చివరికి అత్తగారికి కూడా. పొడుగాటి బస్సును ఇరుకు మలుపులో వెనక్కి తీసుకోకుండా ఒకే ఊపులో తిప్పేస్తుంది. గోల చేసే ప్రయాణికుణ్ణి అద్దంలోంచి ఒక్క చూపు చూసి కూర్చోబెడుతుంది. అలాంటి మనిషిని ఏడిపించడానికి ఇంటిల్లిపాదికీ దొరికిన సాకు ఒకే ఒక్కటి: పళ్ళ డాక్టరు.

పదకొండేళ్ళ కిందట ఆమె కింది దవడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, సగంలో కుర్చీ దిగి, మెడకు తగిలించిన గుడ్డతో సహా ఇంటికొచ్చేసింది. ఈ సంగతిని ఆమె భర్త కొలతలివ్వడానికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఆయన దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. చెప్పిన ప్రతిసారీ కథకు కాస్త కుచ్చిళ్ళు పెట్టేవాడు. మొదట్లో మెడలో గుడ్డ ఒక్కటే ఉండేది. తర్వాత నోట్లో దూది చేరింది. ఇంకో ఏడాదికల్లా డాక్టరు పట్టకారుతో వీధి మలుపుదాకా వెంటపడ్డాడు.

"అంత బస్సు తోలుతుంది, ఇంత సూదికి పరుగు!" అని ముగించేవాడు. వచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

మొదట్లో ఆమె కూడా నవ్వేది. తర్వాత నవ్వడం మానేసి లోపలికి వెళ్ళిపోయేది. ఆ కుర్చీలో అసలేం జరిగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

జరిగిందిది. డాక్టరు సూది వేశాడు. పెదవి మొద్దుబారింది, పన్ను మొద్దుబారలేదు. ఆమె ఆ మాటే చెప్పింది. "అది నొప్పి కాదమ్మా, ఒత్తిడి. మీరు భయపడుతున్నారు" అన్నాడు. పట్టకారు బిగించాడు. ఆమె చెయ్యెత్తింది. పక్కనున్న నర్సు ఆ చేతిని మెల్లిగా పట్టుకుని ఒళ్ళో పెట్టింది, మారాం చేసే పిల్లదాన్ని సముదాయించినట్టు. మళ్ళీ ఎత్తింది. నర్సు మళ్ళీ దించింది. మూడోసారి ఎత్తేసరికి నోట్లో టప్పుమని చప్పుడైంది, పన్ను సగానికి విరిగింది. కళ్ళముందు తెల్లగా మెరిసింది. అప్పుడు ఇద్దరినీ నెట్టి లేచింది. లేచి, నడిచే వెళ్ళింది.

వేరు మాత్రం లోపలే ఉండిపోయింది. పదకొండేళ్ళు ఆమె కుడివైపునే నమిలింది. చల్లటి నీళ్ళు తాగేటప్పుడు తల కుడికి వంచేది. నెలకోసారి ఆ మూల సలుపు పెట్టేది, లవంగం నొక్కిపెట్టి బండెక్కేది. చివరికి ఒక సోమవారం ఉదయం దవడ నిమ్మకాయంత ఉబ్బింది. కన్ను సగం మూసుకుంది. డిపోలో డ్యూటీలు వేసే ఆఫీసరు ఆమె మొహం చూసి తాళం వెనక్కి తీసుకున్నాడు.

"ఇది తగ్గిందాకా బండి ఇవ్వను. అటువైపు అద్దం కనిపిస్తుందా నీకసలు?"

కనిపించడం లేదు. అందుకే వాదించకుండా ఇంటికొచ్చింది.

భర్త మిషను ఆపాడు. పెళ్ళాం మొహం చూశాక ఆయనకు హాస్యం తట్టలేదు. "పక్క వీధిలో కొత్త డాక్టరమ్మ ఉందిట. చాలా మెత్తటి మనిషిట. పద, తీసుకెళ్తాను."

"వద్దు. పాతాయన దగ్గరికే వెళ్తాను."

"ఆయన దగ్గర్నుంచేగా పారిపోయి వచ్చావు?"

"నేను పారిపోలేదు" అంది. దవడ వాపుతో మాట ముద్దముద్దగా వచ్చింది గానీ ఆయన కత్తెర కింద పెట్టేశాడు. "సగంలో ఆపింది ఆయన దగ్గర. నాకు భయమని చెప్పింది ఆయన. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందీ ఆయనే."

అత్తగారు అప్పటికే చెప్పులేసుకుంటోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. పై వరసంతా ఒక్క రోజున పీకించుకుని కిక్కురుమనలేదని చుట్టాల్లో పేరు మోసిన మనిషి. "నేనూ వస్తాను" అంది. ఎందుకో చెప్పలేదు. తన గొప్ప చెప్పుకోవడానికే అయ్యుంటుందని కోడలు అనుకుంది.

క్లినిక్ పేరుకే అది, లోపలంతా మారింది. గోడలకు లేత నీలం రంగు, చేపల తొట్టె, మెత్తటి కుర్చీలు. వాసన మాత్రం అదే. ఆ వాసన తగలగానే డ్రైవరమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. ఆమెకు తనమీదే ఒళ్ళు మండింది. విసవిసా నడిచి బల్ల దగ్గర కాగితం తీసుకుంది. చివరిసారి ఎప్పుడొచ్చారు అన్నచోట పదకొండేళ్ళ కిందట అని రాసింది. ఇన్నాళ్ళు రాకపోవడానికి కారణం అన్నచోట ఒకే మాట రాసింది: డాక్టరు.

కొత్త నర్సు అది చదివి తలెత్తి చూసింది. "ఇలాగే ఉంచమంటారా?"

"ఉంచు."

డాక్టరుకి జుట్టు నెరిసింది, గొంతు మారలేదు. కాగితం చదివాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేక, "ఏమ్మా, పళ్ళంటే ఇంత అశ్రద్ధా?" అని కుర్చీ వెనక్కి వాల్చబోయాడు.

"వాల్చకండి. కూర్చునే మాట్లాడతాను."

ఆయన చెయ్యి ఆగింది. ఆమె అంతా చెప్పింది, మొద్దుబారని పన్ను, ఎత్తిన చెయ్యి, దాన్ని దించిన నర్సు, టప్పుమన్న చప్పుడు. వాచిన నోటితో నిదానంగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాడాయన.

"మీకెందుకు గుర్తుంటుంది? పన్ను నాది."

నర్సు కిటికీ వైపు తిరిగింది.

"సరే, ఇప్పుడేం చేయమంటారు?"

"నేను చెయ్యెత్తితే మీరు ఆపాలి. అంతే."

"ఓ, దానికేం భాగ్యం!" అన్నాడు తేలిగ్గా. ఆ తేలిక ఆమెకు నచ్చలేదు. అయినా పడుకుంది.

ఎక్స్‌రే తీసి చూసి, వేరు చుట్టూ చీము పట్టింది, చిగురు కాస్త కోసి ఆ చీము తీసేయాలన్నాడు. సూది వేశాడు. కాసేపాగి పదునైన పనిముట్టు చిగురుకి ఆనించాడు. దవడలోంచి చెవిదాకా నిప్పు పాకింది. ఆమె చెయ్యెత్తింది.

"ఒక్క క్షణం, ఇదిగో, అయిపోతోంది..."

రోజంతా స్టీరింగు తిప్పే చెయ్యి గాల్లోంచి దిగి ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏం కాదు. కదలకుండా, అంతే. మెల్లగా ఆ చేతిని తన నోట్లోంచి బయటికి తెచ్చి వదిలేసింది.

"చెయ్యెత్తాను."

డాక్టరు మొహం ఎర్రబడింది. "మందు వేశాక నొప్పి పుట్టే అవకాశమే లేదమ్మా. మీకు భయం ఎక్కువ..."

"నొప్పంటే నొప్పే, డాక్టరుగారూ."

మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. అత్తగారు ఎప్పుడు లేచొచ్చిందో ఎవరూ చూడలేదు. గడప దాటి లోపలికి వచ్చింది.

"నా పళ్ళు పీకినప్పుడు నేను చెయ్యెత్తలేదు. నోరు మెదపలేదు. ఎంత ఓర్పున్న మనిషని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు మోసుకుని ఇంటికెళ్ళి, తలుపేసుకుని రెండు రోజులు ఏడ్చాను. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు, మెప్పు పోతుందని." ఆమె కోడలివైపు చూడలేదు, డాక్టరునే చూస్తోంది. "నేను అబద్ధం ఆడాను. నా కోడలు ఆడటం లేదు. మా ఇంట్లో మేం దీన్ని చూసి పదకొండేళ్ళు నవ్వాం. నవ్వినందుకు సిగ్గుగా ఉంది. మీరు మాత్రం మళ్ళీ అదే మాట అనకండి."

నోట్లో ఉమ్ము పీల్చే గొట్టం ఇంకా గురగురమంటోంది. నర్సు దాన్ని ఆపింది.

డ్రైవరమ్మ కళ్ళు నిండాయి. తుడుచుకుంటే భయమనుకుంటారని తుడుచుకోలేదు.

డాక్టరు చేతి తొడుగులు విప్పి ఎక్స్‌రే మళ్ళీ వెలుతురుకి పెట్టాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని, ఆమె కళ్ళకు సమానంగా కూర్చున్నాడు.

"చీము పట్టినచోట మత్తుమందు సరిగ్గా పట్టదు. ఇది నాకు తెలుసు. చదువుకున్నదే. ఆ రోజూ మీకు చీము ఉండే ఉంటుంది. ముందు మాత్రలిచ్చి, వాపు తగ్గాక పీకాల్సింది. తొందరపడ్డాను. ఇవాళ కూడా తొందరే పడ్డాను. మీది భయం కాదు."

"ఇంకోసారి చెప్పండి. మా అత్తయ్యకి కాస్త చెవుడు."

అత్తగారికి చెవుడేమీ లేదు. అయినా చెయ్యి చెవికి ఆనించి నిలబడింది. డాక్టరు ఇంకోసారి, గట్టిగా చెప్పాడు.

ఈసారి సూది వేరే చోట, లోతుగా వేశాడు. పావుగంట ఆగాడు. చిగురు తాకి, తెలుస్తోందా అని అడిగి, ఆమె లేదన్నాకే కోసి చీము తీశాడు. ఆరు రోజులకు మాత్రలు రాసి, వేరు తీయడానికి ఆదివారం రమ్మన్నాడు.

ఇంటికెళ్ళాక అత్తగారు కొడుకు మిషను ముందు నిలబడింది. "ఆ కథ ఇంకోసారి నీ నోట వినబడిందో, నీ చిన్నప్పటి కథలు నా దగ్గర బోలెడున్నాయి. వచ్చినవాళ్ళకల్లా చెప్తాను." ఆయన దారం ఎక్కిస్తూ తలవంచుకున్నాడు. కాసేపటికి లేచి లోపలికొచ్చి, భార్య పక్కన మంచమ్మీద కూర్చుని, "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాడు. పదకొండేళ్ళకు అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా చేర్చలేదు.

ఆదివారం ఆమె ఒంటరిగా వెళ్ళింది. భర్త వస్తానన్నా వద్దంది.

"మీరు రారేమో అనుకున్నాను" అన్నాడు డాక్టరు.

"నేనూ మీరు మాట మీద ఉండరేమో అనుకున్నాను. చూద్దాం."

సూది పడింది. ఆమె గడియారం చూసి ఇరవై నిమిషాలు లెక్కపెట్టింది. పని మొదలయ్యాక ఒకసారి చెయ్యెత్తింది. ఆయన వెంటనే ఆగాడు. నిజంగానే చురుక్కుమంది, మందు ఇంకాస్త వేశాడు. పది నిమిషాలాగి మళ్ళీ మొదలెట్టాక ఇంకోసారి ఎత్తింది. పట్టకారు టక్కున బయటికొచ్చింది.

"నొప్పా?"

"లేదు. బ్రేకు పడుతుందో లేదో చూశాను."

ఈసారి నర్సు కిటికీవైపు తిరగలేదు, ఎదురుగానే నవ్వేసింది. డాక్టరు కూడా ఊపిరి వదిలి, భుజాలు దించి, చివరికి నవ్వాడు.

వేరు రావడానికి మరో పది నిమిషాలు పట్టింది. ఆమెకు లాగుడు తెలిసింది, నొప్పి తెలియలేదు. ఆ రెండింటికీ ఉన్న తేడా తనకు ఎప్పుడూ తెలుసునని, తెలియనిది ఎదుటివాళ్ళకేనని ఆమె దూది కొరికిపట్టి అనుకుంది. పళ్ళెంలో పడ్డది గోధుమరంగు ముక్క, చిటికెనవేలి గోరంత కూడా లేదు. దాన్ని చూసి ఆమెకు కోపమే వచ్చింది.

లేచి, క్లినిక్‌లో దాచి ఉంచే తన వివరాల చీటీ తెప్పించుకుంది. "దీని మీద రాయండి. ఈమె నొప్పి అంటే నమ్మాలి అని." డాక్టరు రాశాడు. ఆమె చూసింది, ఒక్క అక్షరం అర్థం కాలేదు. చీటీ నర్సు ముందుకు తోసింది. "నువ్వు రాయమ్మా, మనుషులు చదివేలాగ." నర్సు గుండ్రటి అక్షరాలతో, ఎర్రసిరాతో రాసి కింద గీత గీసింది.

"పైన ఇంకో రెండు పళ్ళు పుచ్చాయి" అన్నాడు డాక్టరు కాస్త జంకుగా. "వచ్చే మంగళవారం వస్తే..."

"మంగళవారం నాకు డ్యూటీ. గురువారం వస్తాను. పొద్దున్నే, మొదటిదాన్ని నేనే" అంది దూది పక్కకు నెట్టి.

నర్సు డాక్టరువైపు చూడకుండానే గురువారం రాసుకుంది.