లెక్క, చెక్క, గొడుగు పొన్ను

నేను ఒక పాంకోడును కాను. ఈ ముక్క ముందే చెప్పి తీరాలి, ఎందుకంటే నా పుట్టుకే ఆ అవమానంతో మొదలైంది.

అప్పట్లో సాంబమూర్తి గారు యూనివర్సిటీ గణితశాఖలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు, దాని కొసకి ఇత్తడి పొన్ను. ఆ పొన్నుతో నేలను టకటకలాడిస్తూ బొబ్బిలిలో వడ్రంగి సింహాద్రి ఆచారి పాకకి వచ్చి, "ఆచారీ, నాకో శాడిల్ కావాలోయ్, కర్రతో" అన్నారు. ఆచారి ఆ సమయానికి బరమా తిప్పుతున్నాడు. ఆ గరగరలో శాడిల్ కాస్తా శాండిల్ అయి అతని చెవిన పడింది.

"కర్ర శాండిలా బాబూ? అంటే పాంకోళ్ళేగా. ఒకటేనా, జతా?"

బరమా చప్పుడులో ఆయనకీ సగమే వినబడింది. "ఒకటే. క్లాసుకి ఒకటి చాలు."

"ఎడందా, కుడిదా?"

"ఎడమా కుడీ రెండు పక్కలా కిందికి వాలాలి. ముందూ వెనకా పైకి లేవాలి."

ఆచారి బరమా ఆపి, చెవి మీది పెన్సిలు తీసి, జాలిగా చూశాడు. "ఒంటికాలు సామి ఎవలైనా వొచ్చినారేటి బాబూ మీ కాలేజీకి? ఆ ఒక్క కాలూ కూడా తిన్నగా నేదు కావాల."

వారం పోయాక వచ్చి చూసుకుంటే బల్ల మీద నాకు బదులు పాదం ఆకారంలో ఒక పనస చెక్క! వేళ్ళ మధ్య పట్టుకునే బుడిపె ఒక్కటే తరువాయి. సాంబమూర్తి గారు గొడుగుతో నేల మీద గుర్రం బొమ్మ గీసి, దాని వీపు మీద పొన్నుతో పొడిచి, "ఇది! ఇక్కడ వేసేది!" అని గావుకేక పెట్టారు.

"జీనా! ఆ మాట ముందే సెప్పొచ్చు కదా బాబూ. గుర్రం ఏదీ?"

"గుర్రం లేదోయ్."

గుర్రం లేని జీను ఎందుకో ఆచారి అడగలేదు. చదువుకున్నవాళ్ళ సంగతి అతనికి తెలుసు. ఆ పాదాన్ని పక్కన పడేసి, అదే పనస మొద్దులోంచి మరో ముక్క తీసుకుని, నన్ను నున్నగా, వంపుగా, ముద్దుగా చెక్కాడు. ఆ మొద్దులో మిగిలిన సగం వీణ అయింది. నా తోబుట్టువును ఒళ్ళో పెట్టుకుని మీటుతారు. నన్ను బల్ల మీద పెట్టి పొడుస్తారు. కాండం ఒక్కటే, కర్మకాండలే వేరు!

నా ఆకారం చెబుతాను, వినండి. ముందూ వెనకా పైకి లేచి ఉంటాను, రెండు పక్కలా కిందికి జారి ఉంటాను. నట్టనడుమ ఒక్కచోట మాత్రం ఎటూ వాలు ఉండదు. ముందు నుంచి దిగి వచ్చిన చీమ అక్కడికి చేరి, హమ్మయ్య, లోయ అడుగుకి వచ్చాను అనుకుంటుంది. పక్క నుంచి ఎక్కి వచ్చిన చీమ అదే చోట నిలబడి, ఆహా, శిఖరం అనుకుంటుంది. రెండూ బోల్తా పడ్డట్టే. అది కనిష్ఠమూ కాదు, గరిష్ఠమూ కాదు. పరీక్ష రాసేవాళ్ళకి మాత్రం అరిష్టం. దాన్నే శాడిల్ పాయింట్ అంటారు.

నా కొలువు నాన్‌లీనియర్ ఆప్టిమైజేషన్ అనే కోర్సులో. అతి తక్కువ ఖర్చో, అతి తక్కువ దూరమో, అతి తక్కువ తప్పో, ఏదో ఒకటి అతి తక్కువగా ఎక్కడ ఉందో వెతకడమే అక్కడ చదువు. దారులన్నీ తిన్నగా ఉంటే పేచీ లేదు, వంకరగా ఉన్నప్పుడు వెతకాలి కాబట్టి నాన్‌లీనియర్ అన్నారు. పేరును బట్టేనేమో, అందులో లీనమైనవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. వాలు ఎటుంటే అటు అడుగు వేసుకుంటూ దిగడం, వాలు సున్నా అయిన చోట ఆగడం, ఇదీ పద్ధతి. ఆగిన చోటల్లా అడుగే అని మురిసిపోవద్దురా అని పిల్లలకి చెప్పడానికే నన్ను చేయించారు. మనుషులకి ఈ మాట చెప్పాల్సిందే లెండి. పైకీ పోక, కిందికీ రాక ఒకచోట బిగుసుకుపోయిన వాణ్ణి చూసి 'సెటిలయ్యాడు' అని స్వీట్లు పంచుకునే జాతి!

సాంబమూర్తి గారు పాఠం చెప్పే తీరు చూడాలి. నన్ను బల్ల నడుమ పెడతారు. గొడుగు ఎత్తుతారు. "ఇది కనిష్ఠమా? కాదు! కాదు! కాదు!" ప్రతి 'కాదు'కీ ఇత్తడి పొన్నుతో సరిగ్గా నా నడినెత్తిన ఒక పోటు. ఏ ఏడూ గురి తప్పలేదు. ఆయన జుట్టు నలుపు నుంచి తెలుపుకీ, తెలుపు నుంచి లేనేలేదుకీ మారింది గానీ ఆ పోట్లు మారలేదు. దీన్నే పోట్లాట అంటారు కాబోలు. పోట్లు నాకు, ఆట ఆయనకి.

పాఠం లేని రోజుల్లో నా బతుకు ఇంకా వంకర. ఒకరు నన్ను చూసి అప్పడం అన్నారు. కిటికీ రెక్క కొట్టుకోకుండా ఒకరు అడ్డం పెట్టుకున్నారు. కడిగిన టిఫిన్ గిన్నె బోర్లించి నా మీద ఆరబెట్టినవారు డాక్టరేటు పుచ్చుకున్నవారు! జీను అన్న పేరు విని ఒకాయన నిజంగానే కూర్చుని ఫోటో దిగాడు. నన్ను ఎక్కినవాళ్ళు ఉన్నారు గానీ, నేను బుర్రకెక్కినవాళ్ళు తక్కువ.

ఇక ఏడాది చివర వైవా. 'వై?' అని వాళ్ళు అడగడం, 'వా' అని వీళ్ళు ఏడవడం, కలిపి వైవా. వేరే యూనివర్సిటీ నుంచి ఒక ఎగ్జామినర్ వస్తారు. వారి ముందు బిస్కట్లూ బత్తాయిలూ ఉన్న పళ్ళెం పెట్టడం మా శాఖ ఆనవాయితీ. దాని పక్కన నన్నూ, ఒక గాజు గోలీనీ పెడతారు. విద్యార్థి ఆ గోలీని నా నడుమ ఉంచాలి, అది పక్కకి జారిపోవాలి, "చూశారా, ఇది కనిష్ఠం కాదు" అని చెప్పాలి. ఏర్పాటు అదీ. జరిగేది వేరు. పిల్లలు నన్ను చూడగానే గోలీ జోలికి పోకుండా "శాడిల్ పాయింట్ సార్" అని అప్పజెప్పేస్తారు, ఎగ్జామినర్ బిస్కట్ కొరుకుతూ "గుడ్" అంటారు. నేను బల్ల మీద ఉన్నా అటక మీద ఉన్నా ఒకటే!

పోయిన ఏడాది సువార్త వచ్చింది. పాలకొండ పిల్ల. ఏదైనా చేత్తో ముట్టుకుంటేగానీ నమ్మే రకం కాదు. ఆ పిల్ల గోలీ తీసి నా నడుమ పెట్టింది. గోలీ కదల్లేదు. వేలితో కాస్త తోసింది. గోలీ ఊగి, మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంది. ఆ పిల్ల చూసింది చూసినట్టు చెప్పింది: "కనిష్ఠం సార్."

సాంబమూర్తి గారు గొడుగు నేలకేసి కొట్టారు. "ఏడాది పొడుగునా కాదు కాదని గొంతు చించుకున్నానే!"

ఫెయిలు.

ఏమండీ, మీరే చెప్పండి! ముట్టుకోకుండా వల్లించినవాళ్ళంతా పాసు. ముట్టుకుని, తోసి, కళ్ళతో చూసింది చెప్పిన పిల్ల ఫెయిలు. నాకే గనక కదలిక ఉంటే ఆ క్షణాన బల్ల మీంచి వాళ్ళ కాళ్ళ మీద పడి ఉండేదాన్ని. వేడుకోవడానికి కాదు, వేళ్ళు చితకడానికి.

ఈ ఏడాది మళ్ళీ వచ్చింది. వైవా రెండోసారి తప్పితే కోర్సంతా మొదటి నుంచి చదవాలి, మా శాఖ రూలు అది. పాలకొండలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు ఆ పిల్ల కోసం ఉద్యోగం ఆపి ఉంచారు. పాసైతే మర్నాడే చేరాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఈ సంగతి సాంబమూర్తి గారికీ తెలుసు, తలుపు బయట వరస కట్టిన స్నేహితురాళ్ళకీ తెలుసు.

"ఏటే సువార్తా, ఈపాలి గోలీ మాట నమ్మకే. సారు మాట నమ్ము" అంది ఒకతె.

"గోలీకి నా మీద ఏం పగే?"

"పగో సెగో, పుస్తకంలో ఉన్నది సెప్పీసి వొచ్చీ. లేకపోతే వచ్చే ఏడు మా చెల్లి పక్కన కూకుంటావు."

ఈసారి ఎగ్జామినర్ ఊర్మిళాదేవి గారు. బిస్కట్ ముట్టకుండా పోయిన ఏటి వైవా కాగితాలు చదివే మనిషి. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈవిడ అడగాల్సింది అడుగుతుందని.

"ఇదేమిటమ్మా?"

"శాడిల్ పాయింటండి."

"ఎందుకని?"

సువార్త బోర్డు మీద లెక్క చేసింది. ముందు వెనకల వంపు పైకి, పక్కల వంపు కిందికి. "పక్కకి దిగే దారి ఉంది కాబట్టి కనిష్ఠం కాదండి."

సాంబమూర్తి గారి ముఖం విప్పారింది. అయిపోయిందనుకున్నారు. ఊర్మిళాదేవి గారు గోలీని ముందుకు జరిపారు. "బాగుంది. పెట్టి చూపించు."

సువార్త గోలీ పెట్టింది. అది నా నడుమ కుదురుగా కూర్చుంది.

"సరిగ్గా పెట్టమ్మాయ్!" అన్నారు సాంబమూర్తి గారు.

తీసి మళ్ళీ పెట్టింది. గోలీ మళ్ళీ కూర్చుంది, అత్తారింటికి వచ్చిన అల్లుడిలాగా. తలుపు బయట ఎవరో "అయ్యో రామ" అన్నారు.

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నారు ఊర్మిళాదేవి గారు. "నీ లెక్కను నమ్మమంటావా, ఈ చెక్కను నమ్మమంటావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చూసింది చెప్పి పోయిన ఏడు పోయింది, లెక్క చెప్పి ఈ ఏడూ పోయేలా ఉంది. పొడిచినవాడు ఒకడు, పోయేది ఇంకొకరా! అప్పుడు సువార్త ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యని పని చేసింది. గోలీ తీసేసి, నా నడినెత్తిన వేలు పెట్టి తడిమింది.

"ఇక్కడ గుంట ఉందండి."

మా ప్రాంతంలో ఆడపిల్లని గుంట అంటారు. ఈ గుంట ఆ గుంటను కనిపెట్టింది!

"గుంటేమిటి? ఎక్కడ గుంట?" అన్నారు సాంబమూర్తి గారు.

"చిన్నదే సార్, గోలీ పట్టేంత. గోలీకి ఆ గుంటే లోకం, అందుకని ఆగిపోతోంది. ఇంకాస్త పెద్దది పెడితే గుంటను లెక్కచెయ్యదు, జారిపోతుంది." అటూ ఇటూ చూసింది. "మేడమ్, మీ పళ్ళెంలో బత్తాయి ఒకటి తీసుకోవచ్చాండి?"

ఎగ్జామినర్ పళ్ళెంలో చెయ్యి పెట్టిన విద్యార్థి మా శాఖ చరిత్రలో లేదు. సువార్త బత్తాయి తీసి నా నడుమ ఉంచి, చెయ్యి వదిలేసింది. బత్తాయి ఒక్క క్షణం ఆలోచించింది. ఆపైన నా పక్క వాలులోకి మెల్లగా దొర్లి, వేగం అందుకుని, బల్ల దాటి, వెళ్ళి ఊర్మిళాదేవి గారి ఒళ్ళో పడింది.

జారింది! నా పరువు నిలిచింది!

"జారిందండీ మేష్టారూ" అన్నారావిడ బత్తాయి పట్టుకుని. "మరి ఆ గుంట ఎవరి పుణ్యం?"

సాంబమూర్తి గారు భగ్గుమన్నారు. "నా మోడల్లో గుంటా? నేను దగ్గరుండి చేయించానండీ దీన్ని! ఏటేటా ఇక్కడే నిలబడి, ఇదే చోటు చూపించి చెబుతున్నాను. ఇది కనిష్ఠం కాదు!" గొడుగు లేచింది. పోటు పడింది. "కాదు!" ఇంకో పోటు. "కాదు!"

మూడో పోటుకి పొన్ను నాలో దిగబడింది. లాగారు. గొడుగు వచ్చింది, పొన్ను రాలేదు. ఇత్తడి టోపీ పెట్టుకున్నట్టు అది నా నడినెత్తిన నిలబడి ఉంది.

ముందు ఊర్మిళాదేవి గారు నవ్వారు. తలుపు దగ్గర మూగిన పిల్లలందరినీ లోపలికి పిలిచారు.

"రండమ్మా, అందరూ దగ్గరికి వచ్చి చూడండి. మీ సారు కనిష్ఠం కాదు కాదని పొడిచి పొడిచి దీన్ని కనిష్ఠం చేసి పెట్టారు. పోయినసారి ఈ అమ్మాయి చెప్పింది గుంట సంగతి, సారు అడిగింది చెక్క సంగతి. ఎవరి మాట వారిది నిజమే. వేలు పెట్టి చూసినవాళ్ళే లేరు."

సాంబమూర్తి గారు పొన్ను ఊడిన గొడుగు కొసని చాలాసేపు చూసుకున్నారు. "అయితే పోయిన ఏడు నువ్వు..." అని ఆగారు.

"గోలీ మటుకు గోలీకి కనిష్ఠమే సార్."

ఆయన గోళ్ళతో పొన్ను పీకి జేబులో వేసుకున్నారు. కిటికీ వైపు తిరిగి అడిగారు: "రేపు చేరాలన్నావు కదమ్మాయ్. పాలకొండ బస్సు ఎన్నింటికి?"

స్నేహితురాళ్ళు సువార్త మీద పడిపోయారు. ఆ హడావుడిలో ఎవరో, "గుంటలో లప్పం పెట్టి పూడ్చేద్దామా సార్?" అన్నారు. "వద్దు సార్, ఉండనివ్వండి. వచ్చే ఏడు వాళ్ళచేత గోలీ ఒకసారి, బత్తాయి ఒకసారి పెట్టించండి" అంది సువార్త. ఆయన తల ఊపారు. గుంట నాది, నెత్తి నాది. నన్నెవరైనా అడిగారా? అడగలేదు! అయినా ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను.

ఊర్మిళాదేవి గారు ఆ బత్తాయి ఒలిచి అందరికీ తలో తొన పెట్టారు. సాంబమూర్తి గారికి రెండు. జారింది బత్తాయే కావచ్చు, జారిన దారి నాది కాదూ? నాకు ఒక్క తొనైనా పెట్టారా? తొక్కలు మాత్రం తెచ్చి నా మీద పెట్టారు. అవైనా జారకుండా, గుంటలో నొక్కి మరీ!