బూరె ఒంటి మీద మెరుపు

బ్లీచింగ్ నీళ్లతో బల్లను రెండోసారి తుడిచి, గుడ్డ పిండి ఆరేశాడు యోబు. తెనాలిలోని ఆ ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన పొద్దు ఇలాగే మొదలవుతోంది. వేళ్ల సందులు ఎప్పుడూ నానిపోయి ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద ఏ కాలంలోనో పిల్లి కొరికిన మచ్చ. ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. శాలువాలూ దండలూ వద్దని ముందే చెప్పేశాడు. నోట్లో నాలుక లేని మనిషి. జంతువును కదలకుండా పట్టుకోవడం తన పని, మాట్లాడటం డాక్టర్ల పని అనుకుంటూ బతికేశాడు.

పదింటికి రేపల్లె నుంచి క్రిస్టినా టీచరు బుట్టతో వచ్చింది, వెనకే అత్తగారు కాంతమ్మ. బుట్టలో ఫెర్రెట్. ముంగిసలా పొడుగ్గా, గోధుమరంగులో ఉండే పెంపుడు జంతువు. పేరు బూరె. దాని మెడ మీద రూపాయి బిళ్లంత మేర బొచ్చు రాలిపోయింది. కాంతమ్మ మోచేతి మీదా అలాంటి గుండ్రటి ఎర్రమచ్చే ఉంది.

"తామరండి. దీన్నుంచే అంటుకుంది. త్వరగా తగ్గేదైతే సరే, లేదంటే ఇవాళే ఎవరికైనా ఇచ్చేస్తాం" అంది కాంతమ్మ. క్రిస్టినా బుట్ట మీంచి చెయ్యి తియ్యలేదు.

కొత్తగా చేరిన డాక్టర్ శ్రావణి లైట్లు ఆర్పించి ఊదారంగు దీపం పట్టింది. ఆ వెలుగులో తామర పట్టిన వెంట్రుక పచ్చగా మెరుస్తుంది. బూరె మెడ నుంచి తోకదాకా మెరిసింది.

"ఒళ్లంతా పాకిందమ్మా. నెలల తరబడి మందులు వాడాలి."

"అయితే ఇచ్చేద్దాం" అంది కాంతమ్మ.

బూరెను పట్టుకున్న యోబు ముక్కుకు తెలిసిన వాసన తగిలింది. చిన్నప్పుడు కొల్లిపరలో పసుపు ఉడికించే పొయ్యిల దగ్గర కూలికి పోయినవాడు, ఆ వాసన ఎలా మర్చిపోతాడు? పాత డాక్టరు రోజుల్లో పసుపు పూసిన పిల్లి ఒకటి ఇలాగే మెరిస్తే, యోబు తెలిసీ నోరు మెదపలేదు. ఆ పిల్లిని ఎక్కడో వదిలేశారు. ఆ ముల్లు ఇప్పటికీ గుండెలో ఉంది.

"డాక్టరమ్మా" అన్నాడు. "పసుపు కూడా ఈ దీపానికి మెరుస్తుందండి. ఒక్కసారి స్పిరిట్ దూదితో తుడిచి చూడండి."

డాక్టరు కాంతమ్మ వైపు చూసింది.

"దురదకి మంచిదని రోజూ ఒళ్లంతా నేనే పూస్తున్నానండి" అంది కాంతమ్మ, తప్పు చేసినదానిలా.

తుడిచిన చోటల్లా మెరుపు పోయింది. మెడ మచ్చ అంచున నాలుగు వెంట్రుకలు మాత్రం అలాగే మెరుస్తున్నాయి. డాక్టరు వాటిని పీకి మైక్రోస్కోపు కింద పెట్టింది. యోబు కొత్త టూత్‌బ్రష్ విప్పి, ఒళ్లంతా దువ్వి, పరీక్షకు బొచ్చు తీశాడు.

"తామరే, కానీ ఈ ఒక్క చోటే కనిపిస్తోంది" అంది డాక్టరు. "పూతమందు చాలు. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకండి, బోను బ్లీచింగ్‌తో కడగండి. బొచ్చు పరీక్ష ఫలితం రెండు వారాలకి వస్తుంది. మీ చెయ్యి మనుషుల డాక్టరుకి చూపించండమ్మా, అదీ తగ్గేదే."

"ఎన్నాళ్లండి?"

"ఆరు వారాలు పట్టొచ్చు."

కాంతమ్మ కోడలి చేతిలో బుట్ట అందుకుంది. "ఆరు వారాలేగా. నువ్వు రైలు టికెట్లు తియ్యి, దీన్ని నేను పట్టుకుంటాను."

వాళ్లు వెళ్లాక శ్రావణి అడిగింది: "ఇన్ని తెలిసీ ఇన్నాళ్లూ చెప్పలేదేంటి యోబు గారూ?"

"చెప్పడం కూడా నా పనేనని ఇవాళే తెలిసిందమ్మా."

మధ్యాహ్నం ఆయన కిరాణా కొట్టుదాకా వెళ్లొచ్చాడు. సాయంత్రం బల్ల తుడిచి, తాళాలు సొరుగులో పెట్టి, ఎవరికీ చెప్పకుండా కొలకలూరు ఆటో ఎక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అంత తేలిక మనసుతో ఇంటికి పోవడం అదే మొదలు.

పరీక్ష గదిలో ఊదారంగు దీపం కొక్కేనికి వేలాడుతోంది. దాని పిడికి, కుట్లు వేసే నల్లదారంతో గట్టిగా కట్టిన పసుపు కొమ్ము ఒకటి.