గజగజ కట్టిన ముడి

ఆ అమ్మాయి చేతికి టీ కప్పిస్తే సగం టీ సాసర్లోనే ఉండేది. అందుకే మేనమామ దానికి ‘గజగజ’ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, డాక్టరు చదువుకి సీటొచ్చిన రోజున కన్నతల్లి కూడా, "మా గజగజ డాక్టరవుతోందండీ!" అని వీధంతా చాటింది. విన్నవాళ్లలో సగంమంది ఆ రోజు నుంచే ఒళ్లు జాగ్రత్తగా చూసుకోవడం మొదలెట్టారు.

ఇవాళ ఆ గజగజకే సెలైన్ సూది పెట్టే వంతు వచ్చింది. మొట్టమొదటిసారి, బతికున్న మనిషికి. నెల్లాళ్లు రబ్బరు చేతిమీద నేర్చుకుంది. రబ్బరు చెయ్యి మంచిది. అబ్బా అనదు, పోయి ఎవరికీ చెప్పదు. ఇంట్లో మావయ్య, "నా చెయ్యి తీసుకోవే, సింహం చెయ్యి!" అని చొక్కా మడిచి కూర్చున్నాడు గానీ, సూది మూత తియ్యగానే సింహం స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది.

మంచంమీద ఉన్నది ముసలి దర్జీ. రెండురోజులుగా వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీళ్లన్నీ పోయి పెదాలు అట్టకట్టాయి. చేతిమీద నరాలన్నీ అణిగిపోయి ఎక్కడున్నాయో తెలీడంలేదు.

వార్డు పెద్ద సిస్టర్ చేతులు వెనక్కి పెట్టుకుని పక్కనే నిలబడింది. "ఇదిగో డాక్టరమ్మా, ఒక్కసారే. తప్పితే నేను పెడతా. నువ్వు మళ్లీ నెల్లాళ్లు ఆ రబ్బరు చేతితో కాపరం చెయ్యి." అని, దర్జీ వైపు తిరిగింది. "తాతా, ఈ పిల్లకి ఇదే మొదటిసారి. సరేనా?"

దర్జీ గొంతు పీలగా ఉంది గానీ చమత్కారం ఎండిపోలా. "నేను కుట్టిన మొదటి చొక్కాకి రెండు చేతులూ ఒకవైపే పెట్టానమ్మా. అదీ ఒకడు తొడుక్కున్నాడు పాపం, మా బావమరిది. కానీ తల్లీ."

గజగజ మోచేతికింద రబ్బరు పట్టీ బిగించి ముడేసింది. "గుప్పిట బిగించు తాతా." చూసింది. ఇంకోసారి చూసింది. ఎక్కడా నీలంగీత లేదు.

"కళ్లతో వెతక్కు తల్లీ. గుడ్డ సంగతి వేలికే తెలుస్తుంది."

వేలితో మెల్లగా నొక్కుకుంటూ పోయింది. ఒకచోట చర్మంకింద ఏదో మెత్తగా అణిగి, మళ్లీ లేచి వేలిని ఎదురు నెట్టింది. వెచ్చగా! రబ్బరు చెయ్యి ఒక్కనాడూ ఇలా పలకలేదు.

స్పిరిటు దూదితో తుడిచింది. చర్మం లాగిపట్టి, సూది ఏటవాలుగా దించింది. సూది వెనకున్న గాజులాంటి గొట్టంలోకి ఎర్రటి చుక్కొకటి వచ్చి నిలబడింది. ఎవరూ లాగలేదు, ఎవరూ పిలవలేదు, దానంతటదే వచ్చింది. అరవై డెబ్భై ఏళ్లుగా లోపల్లోపలే తిరుగుతూ, ఇన్ని చొక్కాలు కుట్టించిన నెత్తురు, తలుపు తీస్తే ఎవరా అన్నట్టు తొంగిచూసింది. పిల్ల అలాగే చూస్తూ నిలబడింది.

"ఫొటో తీసుకుంటావా ఏంటి? పని కానీ!" అంది సిస్టర్.

ఉలిక్కిపడి సూదిమీద తొడిగున్న సన్నగొట్టాన్ని నరంలోకి జరిపి, సూది లాగేసి, సెలైన్ పైపు తగిలించి, ప్లాస్టరేసింది. పైన సీసా వైపు చూసింది. ఒక్క చుక్కా పడటంలేదు. పైగా నెత్తురే పైపులోకి ఎదురెక్కుతోంది!

సిస్టర్ వైపు చూస్తే, సిస్టర్ కిటికీ వైపు చూస్తోంది. పోయింది, నరం చిరిగిపోయింది అనుకుంది. ప్లాస్టరు పీకెయ్యడానికి అంచు పట్టుకుంది.

"తల్లీ," అన్నాడు దర్జీ, "అడగొచ్చో లేదో... ఆ పైన కట్టావే ముడి, అది విప్పేదా, నాకు అలాగే కుట్టేస్తావా?"

రబ్బరు పట్టీ! లాగింది. ముడి ఊడింది. పైపులో నెత్తురు వెనక్కి తగ్గింది. సీసాకింద టప్, టప్, టప్. ఒక్కో చుక్కా మెరుస్తూ రాలి, పైపు వెంట దిగి, మనిషిలో కలిసిపోతోంది.

"అందరూ మర్చిపోతారు. మొదటిసారి నేనూ మర్చిపోయా," అంది సిస్టర్. "నువ్వు పీకుతావో ఆగుతావో చూద్దామని ఊరుకున్నా. పీకబోయావు. ఈసారి ముందు ముడి చూడు. రబ్బరు చేతితో విడాకులిప్పిస్తాలే, పో."

అప్పుడు పట్టుకుంది గజగజ చేతుల్ని వణుకు. ఇందాకట్నుంచీ ఎక్కడ దాక్కుందో ఏమో!

"తాతా, నొప్పిగా ఉందా?"

"సూది నొప్పి లేదుగానీ, ఈ గుప్పిట వదలమని ఎవరైనా చెప్తే బావుణ్ను."

సాయంత్రం ఇంటికెళ్లబోతూ మళ్లీ వచ్చింది. దర్జీ నిద్రపోతున్నాడు. పక్కమీద వాల్చిన రెండో చేతిమీద, పొద్దున జాడైనా లేని నరాలు వేళ్లదాకా పచ్చగా లేచి ఉన్నాయి, ఎండిన కాలవల్లోకి నీళ్లు వదిలినట్టు. వేలు ఆనించింది. మెత్తగా ఎదురు నెట్టింది.

జేబులో ఫోను మోగింది. మావయ్య. "ఏమే గజగజా, మనిషి మిగిలాడా?"

"మావయ్యా," అంది గుసగుసగా, "నీ చెయ్యి ఒకసారి నొక్కి చూసుకో. లోపల ఎవరో ఉన్నారు."

అవతల ఫోను బల్లమీద పెట్టిన చప్పుడైంది. నొక్కి చూసుకుంటున్నట్టున్నాడు.