ఇంగ్లీషు టీచరు మాట్లాడిన ఇంగ్లీషు

భారతీదేవి ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది గానీ, ఇంగ్లీషులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అవసరం రాలేదు. ఇల్లు జగ్గయ్యపేటలో, పనిచేసే హైస్కూలు నందిగామ అవతల ఒక పల్లెలో. క్లాసులో యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మార్పించేది, ఎందుకు మార్చాలో తెలుగులో వివరించేది. ఆమె శిష్యులకి వ్యాకరణంలో మంచి మార్కులే వచ్చేవి. మాట్లాడమంటే మాత్రం నేలచూపులు చూసేవాళ్లు.

2003 జూలైలో ఒక సాయంత్రం, ఇంటికెళ్లే బస్సులో ఉత్తరాది మనిషి ఒకతను పక్క సీట్లో కూర్చున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా చేరబోతున్న ఇంజనీరు. అతను అడిగేది కండక్టరుకి అర్థం కాలేదు.

"ఇంగ్లీషు టీచరుగారున్నారు కదండీ, ఆవిడ చెబుతారు!" అని బస్సంతా వినబడేలా కేకేసి ముందుకెళ్లిపోయాడు.

ఫ్యాక్టరీ దగ్గర బస్సు ఆగుతుందా, ముందే దిగి ఆటో ఎక్కాలా అన్నది ప్రశ్న. ఆమెకి పూర్తిగా అర్థమైంది. జవాబు 'ఇట్ స్టాప్స్' అనాలా, 'ఇట్ విల్ స్టాప్' అనాలా అన్నదే తేలలేదు. అది తేలేలోపు బస్సు చిల్లకల్లులో ఆగింది.

"హియర్?" అన్నాడతను.

"యెస్," అంది కంగారులో.

అతను థాంక్స్ చెప్పి పెట్టె తీసుకుని దిగిపోయాడు. ఫ్యాక్టరీ ఇంకా చాలా దూరం. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూసింది. అతను నవ్వుతూ ఆమెకి చెయ్యి ఊపుతున్నాడు. ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

తర్వాతి వారం నందిగామలో బస్సు కోసం నిలబడితే వాన పట్టుకుంది. పక్కనే ఉన్న నెట్ సెంటరు చూరు కిందికి వెళ్లింది. అది ప్రేమదాసుది. ఆమె దగ్గరే చదివి, పదో తరగతి ఇంగ్లీషులో మూడుసార్లు తప్పినవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి.

"లోపలికి రండి టీచరుగారూ, తడిసిపోతున్నారు," అని కుర్చీ వేశాడు.

అతను కంప్యూటర్లో ఏదో ఆట ఆడుతున్నాడు. ఒక బాటసారి ఊరూరా తిరుగుతుంటాడు. ఎదురైనవాళ్లు ఇంగ్లీషులో ఏదో అడుగుతారు. కింద కనిపించే మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ప్రేమదాసు టకటకా నొక్కుకుంటూ పోతున్నాడు.

"ఇదంతా నీకు అర్థమవుతోందా?" అందామె నమ్మలేక.

"నాకు ఇంగ్లీషు రాదండీ. ఎదుటోడేం అడుగుతున్నాడో తెలుస్తుంది, అంతే. మీరు చూస్తారా?"

ఆమె కూర్చుంది. తెర మీద సత్రం యజమాని 'వాట్ బ్రింగ్స్ యూ హియర్?' అన్నాడు.

"బ్రింగ్స్. సింపుల్ ప్రెజెంట్. కర్త వాట్ కాబట్టి..."

"ఎందుకొచ్చావంటున్నాడండీ. మీరు ఆలస్యం చేస్తే గెంటేస్తాడు."

గెంటేశాడు. రెండోసారీ గెంటేశాడు. నాలుగోసారి ఆమె ఆలోచించకుండా నొక్కింది, సత్రం యజమాని తలుపు తీశాడు. ఆమె తన వయసు మర్చిపోయి చప్పట్లు కొట్టింది.

అప్పటినుంచి బడికీ బస్సుకీ మధ్య ముప్పావుగంట ఆమె అక్కడే. ఇంట్లో స్పెషల్ క్లాసులని చెప్పింది. దీపావళి నాటికి ఆటలో కాపలావాళ్లకి సర్దిచెప్పడం, ముసలమ్మలని ఓదార్చడం, మూడు ఊళ్ల పెద్దల దగ్గర సెలవు తీసుకోవడం వచ్చేసింది. ఒక్కతే ఉన్నప్పుడు ఆ మాటలు పైకి అనుకునేది. పోపు వేస్తూ పొయ్యితో కూడా మాట్లాడింది.

నవంబరులో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. టీచర్లని ఇంగ్లీషులో నిలదీస్తాడని పేరు. హెడ్మాస్టరు రామకోటేశ్వరరావు చెమటలు తుడుచుకుంటూ ఆయన్ని భారతీదేవి క్లాసుకి తీసుకొచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె నోట్లోంచి మాట వచ్చేసింది.

"వెల్కమ్, సర్. వాట్ బ్రింగ్స్ యూ హియర్?"

హెడ్మాస్టరు గోడ పట్టుకున్నాడు. అధికారి మాత్రం నవ్వాడు. పిల్లలు మాట్లాడగలరా అని అడిగాడు.

"దే ఆర్ యంగ్, సర్. బట్ దే ఆర్ బ్రేవ్," అంది ఆమె.

జీపు ఎక్కబోతుంటే "ఫేర్‌వెల్, సర్. మే యువర్ రోడ్ బీ సేఫ్," అని సాగనంపింది. ఆయన ఒక కాలు జీపులో పెట్టి ఆగిపోయాడు. మీరు ఏ కాన్వెంటులో చదివారని అడిగాడు. స్వయంకృషి అని చెప్పింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత హుందా అయిన ఇంగ్లీషు వినలేదని ఆయన రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు.

ఆ సంతకమే ఆమె మెడకి చుట్టుకుంది. పిల్లలు బడి ఎగ్గొట్టి నెట్ సెంటర్లలో ఆటలాడుతున్నారని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. బడిలో కమిటీ వేశారు. అధికారికి రిపోర్టు ఇంగ్లీషులో పంపాలి కాబట్టి దాన్ని రాయడం భారతీదేవి పనైంది. ఆమె వద్దంది. హెడ్మాస్టరు చేతులు జోడించాడు.

మెత్తగా రాద్దామనే కూర్చుంది. కానీ ఆమెకి వచ్చిన ఇంగ్లీషులో మెత్తనివి స్వాగతాలూ వీడ్కోళ్లూ మాత్రమే. మిగతావన్నీ ఆపదలూ హెచ్చరికలే. 'అవర్ చిల్డ్రన్ ఆర్ ఇన్ గ్రేవ్ డేంజర్' అని మొదలై, 'వియ్ మస్ట్ యాక్ట్ బిఫోర్ ఆల్ ఈజ్ లాస్ట్' అని ముగిసింది. అధికారి మురిసిపోయి దాన్ని చుట్టుపక్కల బళ్లన్నిటికీ పంపించాడు. నెట్ సెంటర్లలో ఆటలు తీసేయాలని ఊరి పెద్దలు కూడా చెప్పేశారు.

ఆమె నాలుగు రోజులు అటు వెళ్లలేదు. ఐదో రోజు వెళ్లింది. ప్రేమదాసు బల్ల మీద రిపోర్టు జిరాక్సు ఉంది.

"ఇది మన ఆట ఆడినోళ్లే రాసారండీ. గ్రేవ్ డేంజర్ అని రెండో ఊళ్లో కాపలావాడంటాడు కదా."

"నేనే రాసా ప్రేమదాసూ."

అతను కాగితం మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"తప్పు ఒక్కటీ లేదండి," అన్నాడు.

అతను అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి. "నన్ను తిట్టు," అంది.

"ఏ భాషలో తిట్టమంటారండీ?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత హెడ్మాస్టరు ఆమెని ఒంటరిగా పిలిచాడు. ఈసారి తనిఖీలో హెడ్మాస్టర్లందరితో ఇంగ్లీషులోనే మాట్లాడతానని అధికారి కబురు పంపాడట.

"మీరెక్కడ నేర్చుకున్నారో అక్కడికే నన్నూ తీసుకెళ్లండి మేడం. ఎంత దూరమైనా వస్తా," అన్నాడు.

చాలాసేపు ఆలోచించి, ఆ సాయంత్రం ఆయన్ని ప్రేమదాసు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఆటలన్నీ తీసేసావుగా?" అని మెల్లిగా అడిగింది.

"తీసేసానండి. కమిటీవాళ్లు సాక్ష్యం అడుగుతారేమోనని ఒకటుంచా."

హెడ్మాస్టరు కళ్లజోడు సవరించుకుని తెర ముందు కూర్చున్నాడు. కాసేపు చూసి, "ఇదేదో విదేశీ పద్ధతిలా ఉందే!" అన్నాడు మెచ్చుకోలుగా.

"అవునండి," అంది భారతీదేవి.

ఆయన్ని అక్కడే వదిలి ఆమె బస్సెక్కింది. మర్నాడు ప్రేమదాసు చెబితే తెలిసింది, ఆయన వరసగా మూడు బస్సులు వదులుకున్నాడని.