పగడానికి రెండే పీతలు

మా దిబ్బను మూసింది ఊరిపెద్ద. మూసే ఉంచింది మాత్రం నేను.

చేపలు పెరగాలని మా పసిఫిక్ దీవి రారోటోంగాలో పగడపు దిబ్బకు రాఉయి వేస్తారు. గడువు తీరేదాకా అక్కడ ఎవరూ నీళ్లలో దిగరు. ఈసారి గడువు సగంలో ఉండగానే ముళ్ల నక్షత్రచేపలు వచ్చిపడ్డాయి. బతికున్న పగడాన్నే తినే జీవాలవి. రాఉయి ఎత్తేస్తే వాటికి వెనిగర్ సూదులు వేసి చంపుతానని మా మామ తూతై సభలో వేడుకున్నాడు. ఊరిపెద్ద నావైపు చూశాడు. ఏ జీవం ఎంత పెరుగుతుందో, దేన్ని ఏది తింటుందో లెక్కగట్టడం నా ఉద్యోగం.

పగడం పీతకు ఇల్లు, తిండి ఇస్తుంది. పీత నక్షత్రచేపను గిల్లి తరుముతుంది. నా సమీకరణాల్లో ఒకటి పెరిగితే రెండోదీ పెరిగింది. పద్నాలుగు నెలల్లో నక్షత్రచేపలు సున్నా. ఎత్తక్కర్లేదన్నాను.

"నీ కంప్యూటర్లో ఒక్కో పగడానికి ఎన్ని పీతలే, తెపాయేరూ?" అన్నాడు మామ.

"ఎన్ని పడితే అన్ని. నీకెందుకు మామా, నువ్వు సూదులు కడుక్కో."

అందరూ నవ్వారు. మామ కూడా.

రాఉయి కాబట్టి నేనూ నీళ్లలో దిగలేదు. ఆ సభ జరిగిన అయిదో నెలలో తుపాను రెండు పగడాలను ఒడ్డుకు విసిరింది. బకెట్లో నీళ్లు పోసి వేశాను. ఒకదానిలో పీతల జంట ఉంది. రెండోదానిలోంచి ఇంకో పీతను తీసి వాటి దగ్గర వదిలాను. జంట దాన్ని క్షణంలో తరిమేసింది. మళ్లీ వదిలాను, మళ్లీ తరిమింది.

పగడానికి రెండే. మూడోదానికి చోటు లేదు. చిన్నప్పుడు నాకు ఈ సంగతి చెప్పింది మామే.

ఆఫీసుకు పరుగెత్తి ఆ హద్దు పెట్టి లెక్క మళ్లీ నడిపాను. పగడాల గీత నాలుగో నెలలోనే నేలకు తాకింది.

గంటలో ఊరిపెద్ద రాఉయి ఎత్తేశాడు. మామ, నేను దిగాం. దిబ్బంతా సున్నం పూసినట్టుంది. వెతగ్గా వెతగ్గా ఒక్క పగడం బతికి కనిపించింది. చుట్టూ పదకొండు నక్షత్రచేపలు. లోపల రెండు పీతలు కొండీలెత్తి నిలబడ్డాయి. మామ పదకొండింటికీ సూది వేశాడు.

పైకొచ్చాక పడవ అంచు పట్టుకుని అడిగాడు: "ఇప్పుడేమంటోందే నీ లెక్క?"

"పగడానికి రెండేనంటోంది. ఇప్పుడు సరిపోయింది మామా."

ఆయన ఖాళీ సూదిని సముద్రపు నీళ్లలో కడగడం మొదలుపెట్టాడు.